ఇంటా బయటా: సంఘంవారి పాతబండి

దీపావళి సంచికలో సంఘం తరఫున ఒక పికప్పు ట్రక్కు కొన్నామని రెండు వాక్యాలలో ప్రకటించి ఊరుకున్నాము. అప్పటినుంచి ఫోను చేసినవారిలో సగంమంది "బండి ఎట్లా ఉంది?" అని అడిగితే, తక్కినవారు "ఎంత తగలేశారు?" అని అడిగారు. డబ్బు సభ్యులది కనుక రెండింటికీ ఈ నెల జవాబు చెప్పుకుంటున్నాము. ఇందులో మా తప్పు కూడా ఒకటి ఉంది. దానిని దాచబోము.

కొనడానికి కారణం అందరికీ తెలిసినదే. ప్రతి పండుగకూ స్టేజి తెరలు, మైకు సామాను, గుండిగలు, గ్రైండర్లు మోయడానికి వ్యాను అద్దెకు తెచ్చి తెచ్చి విసిగిపోయాము. గ్వెల్ఫ్ దాపున ఒక రైతు దగ్గర 2006 మోడలు బండి, ఎనిమిది సిలిండర్లది, 2,38,000 కిలోమీటర్లు తిరిగినది, 5,800 డాలర్లకు దొరికింది. కంపెనీ పేరు చెప్పము. ఆ వయసుకు ఏ కంపెనీ బండికైనా ఇవే జబ్బులు. ఆంటారియోలో పాతబండి అమ్మేవారు ఇవ్వవలసిన సమాచార పత్రాల కట్ట చూసి, బండిమీద అప్పులేవీ లేవని తేల్చుకున్నాము. సేఫ్టీ సర్టిఫికెట్టు చేతికి వచ్చింది. నంబరు ప్లేటు వచ్చింది. టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి ఇంటికి తోలుకొచ్చాము.

వారం తిరక్కుండా డాష్ బోర్డు మీద ఇంజను బొమ్మ పసుపుపచ్చగా వెలిగింది. కెనడాలో 1998 మోడలు నుంచి కార్లకూ, చిన్న ట్రక్కులకూ స్టీరింగు కింద ఒకే రకం ప్లగ్గు ఉంటుంది. 40 డాలర్ల చిన్న యంత్రం దానికి తగిలిస్తే జబ్బు నంబరు చెబుతుంది. మనకు పి-0128 అని వచ్చింది. ఇంజను ఎక్కవలసినంత వేడి ఎక్కడం లేదని దాని అర్థం. నంబరు తెలియగానే వైద్యులు ఎక్కువైపోయారు. సెన్సారు మార్చమని ఒకరు, వాటర్ పంపు అని ఒకరు, ఏకంగా రేడియేటరే అని మరొకరు. మేము సెన్సారు కొని వేశాము. రెండురోజులకు దీపం మళ్ళీ వెలిగింది. ఆ నంబరు థర్మామీటరు వంటిదన్నమాట. జ్వరం ఉన్నదని చెబుతుంది, మలేరియానో టైఫాయిడో చెప్పదు.

అప్పుడు మనలో ఒక పెద్దాయన, పూర్వం విజయవాడ ఆటోనగర్‌లో లారీల షెడ్డులో పనిచేసినవారు, వచ్చి ఏ యంత్రమూ లేకుండా తేల్చేశారు. ముందు రేడియేటరులో నీళ్ళమట్టం చూశారు, సరిగానే ఉంది. చల్లగా ఉన్న ఇంజనును స్టార్టు చేయించి, రేడియేటరు పై గొట్టం చేత్తో పట్టుకున్నారు. థర్మోస్టాటు బాగుంటే ఇంజను కాగేవరకు ఆ గొట్టం చల్లగా ఉండాలి. మన బండిలో మొదటి నిమిషం నుంచే గోరువెచ్చనయింది. "మూత తెరుచుకుని బిగిసిపోయిందండీ, ఇక ఇంజను ఎట్లా కాగుతుంది?" అన్నారు. థర్మోస్టాటు మార్చి, సగం కూలెంటు సగం నీళ్ళు కలిపి పోశాము. ఆ పాళ్ళలో సున్నాకు దిగువ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. దీపం ఆరింది, కాళ్ళకు వేడిగాలి కూడా వచ్చింది.

వెనక దీపం సంగతీ అంతే. బ్రేకు తొక్కితే ఎడమదీపం మసకబారేది. కొత్త దీపం కొన్నాము, గుణం లేదు. ఎర్తు తీగె బిగించినచోట పట్టిన తుప్పును గరుకుకాగితంతో రుద్దితే పాతదీపమే చక్కగా వెలిగింది. అక్కరలేని సెన్సారుకూ దీపానికీ అయిన 128 డాలర్లు సంఘం ఖాతాలో వేయలేదు. కొనమన్నవారమూ కొన్నవారమూ పంచుకున్నాము.

ఇక మా తప్పు. అక్టోబరులో బ్రేకు ఆయిలు గిన్నెలో మట్టం కొంచెం తగ్గి కనిపించింది. ప్యాడ్లు అరిగినకొద్దీ మట్టం తగ్గడం మామూలే కదా అని సీసా తెచ్చి నింపేశాము. తగ్గిన ఆయిలు ఎక్కడికి పోయిందని అడగలేదు.

నవంబరు మూడోవారంలో దీపావళి సామాను హాలునుంచి తీసుకుపోతున్న రోజు అది. బండి తోలుతున్నది మన సభ్యులవారి అబ్బాయి, యూనివర్సిటీలో చదువుకుంటున్నాడు. వెనక గ్రైండర్లు, గుండిగలు నిండుగా ఉన్నాయి. పార్కింగులో గోడముందు బ్రేకు తొక్కితే పెడలు నేలదాకా దిగిపోయింది. ముందు చక్రాలకు ఒక దారి, వెనక చక్రాలకు ఒక దారి వేరువేరుగా ఉండటంవల్ల ముందువి పట్టుకున్నాయి. గోడకు జానెడు దూరంలో ఆగింది. కుర్రవాడు దిగి "అంకుల్, బ్రేకు లేదు" అన్నాడు. మొహంలో నెత్తుటిచుక్క లేదు. వాళ్ళమ్మగారు హాలు మెట్లమీద నిలబడి అంతా చూశారు. మమ్మల్ని ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది. ఎందుకంటే ముందురోజు అదే బండిని మేము 401 హైవే మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తోలుకొచ్చాము.

పెట్రోలు ట్యాంకు మీదుగా వెనకకు పోయే ఇనపగొట్టం, పెన్సిలుకంటే సన్ననిది, తుప్పుపట్టి చిల్లుపడింది. ట్యాంకు దించితేగాని కంటికి కనబడని చోటు. సర్టిఫికెట్టు ఉందికదా అని కమిటీలో వాదించినది మేమే. ఆ కాగితం తనిఖీనాటి పరిస్థితి చెబుతుంది తప్ప గ్యారంటీ కాదు. రిజిస్ట్రేషనుకైనా అది 36 రోజులే చెల్లుతుంది.

విశాఖపట్నంలో సముద్రపుగాలికి కిటికీ ఊచలు ఏమవుతాయో చూసినవారికి ఉప్పు సంగతి చెప్పనక్కరలేదు. ఇక్కడ సముద్రమే రోడ్డుమీదికి వస్తుంది. 2001లో ఫెడరల్ ప్రభుత్వం వెలువరించిన నివేదిక ప్రకారం కెనడా రోడ్లమీద చల్లే ఉప్పు ఏటా 50 లక్షల టన్నుల దరిదాపు. అమెరికా రహదారి భద్రతాసంస్థవారు ఏళ్ళతరబడి ఇటువంటి ఫిర్యాదులు విచారించి, 2007 మోడలు, అంతకు పూర్వపు బండ్లను ఉప్పు చల్లే ప్రాంతాలలో తోలేవారు బ్రేకు గొట్టాలు పరీక్ష చేయించుకోవాలనీ, అడుగుభాగం కడుగుతూ ఉండాలనీ 2015 ఏప్రిల్‌లో హెచ్చరిక చేశారు. అది మేము చదివింది గొట్టం పగిలిన తరువాత.

ఒక్క ముక్క కోసి అతికించవచ్చునని కోశాధికారిగారు అన్నారు. ఒకటి పగిలినచోట దాని తోడుగొట్టాల వయసూ అంతేకదా. అన్నీ తీయించి, రాగీ నికెలూ కలిసిన లోహపు గొట్టాలు వేయించాము. వాటికి తుప్పు పట్టదు, చేత్తో వంచినా వంగుతాయి. 1,150 డాలర్లయింది. చాసిస్‌ను సుత్తితో కొట్టించి చూశాము, గట్టి చప్పుడే వచ్చింది.

బండికి హంగులు చేయించాలని యువజన విభాగంవారు పెద్ద జాబితా ఇచ్చారు. టచ్ స్క్రీను రేడియో, నల్ల రిమ్ములు, ఎల్.ఇ.డి. హెడ్‌లైట్లు. మొదటి రెండూ సరదాకు. మూడోది వద్దన్నాము. హాలోజను దీపానికని చేసిన అద్దంలో ఎల్.ఇ.డి. పెడితే వెలుతురు చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. పసుపెక్కిన హెడ్‌లైటు మూతలను పాలిషు పట్టిస్తే సరిపోయింది. కొత్తగా వేసినవి నాలుగు చలికాలపు టైర్లు, కొండా మంచురేకూ గుర్తు ఉన్నవి. ఏడు డిగ్రీలకు దిగువన మామూలు రబ్బరు బిరుసెక్కిపోతుంది. బ్యాటరీ మార్చాము. అడుగున తుప్పు పట్టకుండా నూనె కొట్టించాము. బ్లాక్ హీటరు పనిచేయడంలేదంటే ఈసారి తొందరపడి కొనలేదు. 400 వాట్ల హీటరు 120 వోల్టులమీద 36 ఓములు చూపాలి. మీటరు పెడితే హీటరు బాగానే ఉంది, ప్లగ్గు తీగె తెగింది. 45 డాలర్లతో పోయింది. అన్నీ కలిపి మరమ్మతులకు 2,750, బండితో 8,550 డాలర్లు. రసీదులు కోశాధికారిగారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.

క్రిందటి శనివారం సంక్రాంతి ముగ్గులపోటీకి బల్లలు తేవలసివచ్చింది. ఆ అబ్బాయిని అడగడానికి మాకు మొహం చెల్లలేదు. తనే వచ్చాడు. తాళంచెవి తీసుకుని, మంచులో అట్టపెట్టె పరిచి, టార్చిలైటుతో బండికిందకు దూరాడు. వాళ్ళమ్మగారు కూడా కోటు బిగించుకుని వంగి చూశారు. ఆపైన ఇద్దరూ బండెక్కి వెళ్ళారు.