ముళ్లు తీసి తినడం కూడా చదువే



వానలు పడగానే లాలాపేట్ కూరగాయల బండ్ల మీద బోడకాకర ధర చికెన్‌తో పోటీ పడుతుంది. అదే బోడకాకరను మన గూడెంలో, తండాలో కంచె మీద తెంపుకుని తింటే "అడవి తిండి" అంటారు. ఈ మాట విని విని హాస్టల్లో ఉండే మనం ఇంటి కూరల పేర్లు చెప్పడానికే సిగ్గుపడుతున్నాం.

మెట్ట నేలల్లో, ఎండు అడవుల్లో పెరిగే మొక్కలు చాలావాటికి ముళ్లో దురదో ఉంటుంది. వాటిని తినాలంటే ముందు తెలివి కావాలి. నాగజెముడు పండును నూగుముళ్లు పోయేదాకా ఇసుకలో రుద్దాలి. ముళ్ల తోటకూరను లేతగా ఉన్నప్పుడే కోయాలి. అడవి కందలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, అందుకే గొంతు దురద. చింతపండు వేసి బాగా ఉడికించేది అందుకే. దూలగొండి కాయ నూగు తగిలితే ఒళ్లంతా మంట. అయినా దాని గింజల్ని మళ్లీ మళ్లీ ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి తినే ఆదివాసులు దక్షిణాదిలో ఉన్నారు. ఆ గింజల్లో ఎల్-డోపా ఉందని 1937లో మద్రాసు పరిశోధకులు చూపించారు. ఇప్పుడు పార్కిన్సన్స్ జబ్బుకు ఇచ్చే మందు అదే. ఆ నీళ్లు పారబోయాలని ల్యాబ్ లేకుండానే మనవాళ్లకు తెలుసు.

మెక్సికో వాళ్లు నాగజెముడు జాతి మొక్కను జాతీయ జెండా మీద పెట్టుకున్నారు. ముళ్లు గీకేసి కూర వండుకుంటారు. పేదల తిండి అని దాచుకోరు.

మన పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2017లో 528 ఆహార పదార్థాల పోషకాల పట్టిక అచ్చేసింది. ముళ్ల తోటకూర, పొన్నగంటి, లేత చింతాకు అందులో ఉన్నాయి. మన మెస్సుల్లో మాత్రం ఏడాదంతా అదే ఆలుగడ్డ, అదే నీళ్ల పప్పు.

"చదువుకోవడానికొచ్చి ఆకులలములు ఏరుకోవాలా?" అని కొందరు అన్నలు అడుగుతారు. ఆకలిని పొగడమని మేము అనట్లేదు. బియ్యం, పప్పు, గుడ్డు మన హక్కు, వాటికోసం కొట్లాడాల్సిందే. కానీ మన ఇళ్లలో మొదట కాలేజీకి వచ్చింది మనమే. అమ్మ వెంట తిరిగి ఈ మొక్కలు నేర్చుకోవాల్సిన వయసు హాస్టళ్లలోనే గడిచింది. ఇప్పుడైనా అడగకపోతే ఈ తెలివి అవ్వలతోనే పోతుంది.

2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మొక్కల పేర్లతో పాటు ఊరివాళ్లకు వాటి గురించి తెలిసిందంతా అందులో ఎక్కాలి. ఈ సెలవుల్లో ఒక్కొక్కరం అయిదు మొక్కల గురించి రాసుకొద్దాం: మన భాషలో పేరు, ఏ నెలలో దొరుకుతుంది, ఏ భాగం తింటారు, ముల్లు లేదా దురద ఎట్లా తీస్తారు. పంచాయతీకి పోయి రిజిస్టర్ చూపించమని అడుగుదాం. మన మొక్కలు లేకుంటే రాయించుదాం.

ఒక్క జాగ్రత్త. తెలిసిన పెద్దవాళ్లు పక్కన లేకుండా, ఫొటో చూసి ఏ మొక్కా నోట్లో పెట్టొద్దు.

మీ ఇంట్లో దూలగొండిని ఏమంటారో కింద రాయండి. కోయలో, గోండిలో, లంబాడీలో, చెంచుల మాటలో. అక్కడినుంచే మొదలుపెడదాం.