పొలం అమ్మకముందే కన్ను చూపించుకోవాలి

2024 మార్చి 18వ తేదీన అద్దంకి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద వైమానిక దళం వారి ఏ.ఎన్.-32, డోర్నియర్ విమానాలు దిగి, మళ్లీ లేచి వెళ్లాయి. సుఖోయ్, హాక్ యుద్ధ విమానాలు రోడ్డు మీదికి బాగా కిందికి వచ్చి దూసుకుపోయాయి. అత్యవసర సమయంలో విమానాలు దిగడానికని కట్టిన ఆ సిమెంటు బాట పొడవు 4.1 కిలోమీటర్లు. బాపట్లకు ఇవతల సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఎన్నో ఏళ్లుగా ఉండనే ఉంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల కుర్రవాళ్లకు విమానం ఇంక సినిమాలో చూసే వస్తువు కాదు. ఇంటర్ చదువుతున్న పిల్లవాడు పైలట్ అవుతానంటే, తండ్రి రెండెకరాల మాగాణి బేరం పెట్టడానికి ఆలోచిస్తున్న రోజులు వచ్చాయి.

ఆశ తప్పు కాదు. వరస తప్పుతోంది. ముందు ఫీజు కట్టి, తరువాత వైద్య పరీక్షకు వెళ్లేవారు ఉన్నారు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు పద్దెనిమిదేళ్లు నిండాలి. ఇంటర్‌లో ఫిజిక్సు, లెక్కలు చదివి ఉంటే అడ్డు ఉండదు. 200 గంటలు విమానం నడపాలి. అందులో 100 గంటలు తానే బాధ్యత వహించి నడపాలి. వాతావరణం, దారి లెక్కలు, విమానయాన నిబంధనలు, రేడియోలో మాట్లాడే పద్ధతి, ఇవన్నీ పరీక్షలే. ఇంతా చేసి మొదటి తరగతి వైద్య ధ్రువపత్రం లేకపోతే లైసెన్సు చేతికి రాదు. రంగులు గుర్తుపట్టడంలో లోపం, గుండె చప్పుడులో తేడా, చెవిలో ఇబ్బంది, వీటిలో ఏది ఉన్నా ఇంట్లో ఎవరికీ తెలిసి ఉండకపోవచ్చు. పౌర విమానయాన డైరెక్టరేట్ గుర్తించిన వైద్యుల దగ్గర ఈ పరీక్షకు వేలల్లో అవుతుంది. చదువుకు అరకోటికి అటూ ఇటూ అవుతుంది. ఏది ముందు చేయాలో వేరే చెప్పనవసరం లేదు.

తెనాలితో కుటుంబ బంధం ఉన్న బండ్ల శిరీష సంగతి ఈ ప్రాంతం వారికి తెలిసిందే. పైలట్ కావాలన్న ఆమె కోరికకు కంటి చూపు అడ్డు వచ్చింది. ఆమె అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విమాన ఇంజనీరింగు చదివి, 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ వారి నౌకలో అంతరిక్షపు అంచు దాకా వెళ్లి వచ్చారు. కన్ను కాదన్న విషయం ముందే తెలిసింది కాబట్టి వేరే దారి పట్టడానికి వ్యవధి దొరికింది. అప్పు చేసి, ఆరు నెలలు విమానం నడిపాక తెలిస్తే ఆ వ్యవధి ఎక్కడిది?

శిక్షణకు పడే కాలం విషయంలోనూ తల్లిదండ్రుల లెక్క తప్పుతోంది. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ప్రభుత్వ రంగంలో ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది. అటువైపు డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు పట్టిందంటే చిన్న విమానాలు లేవవు. దేశంలో మరోచోట చేరినా వర్షాకాలం మబ్బులు తప్పవు. ఏడాదిన్నరలో అయిపోతుందనుకున్న 200 గంటలు రెండేళ్లు దాటవచ్చు. హాస్టలు ఖర్చు, బ్యాంకు వడ్డీ మాత్రం మంచు కోసం ఆగవు. లైసెన్సు వచ్చాక పెద్ద విమానం నడపడానికి విడిగా శిక్షణ కావాలి. దానికి మరి కొన్ని లక్షలు. ఉద్యోగం ఆ తరువాతి మాట.

డబ్బు లేనివారికి దారి మూసుకుపోలేదు. జాతీయ రక్షణ అకాడమీ పరీక్ష నెగ్గి వైమానిక దళంలో చేరితే ప్రభుత్వమే ఖర్చు పెట్టి నేర్పుతుంది. 2022 నుంచి ఆడపిల్లలు కూడా అందులో చేరుతున్నారు. విమానాశ్రయాల్లో రాకపోకలు నడిపించే కంట్రోలరు ఉద్యోగానికి బి.ఎస్సి. లేదా ఇంజనీరింగు చదివినవారు పోటీ పడవచ్చు. విమానాల మరమ్మతు ఇంజనీరు పని కూడా గౌరవమైనదే.

అయితే ఊళ్లోనే ఉండి చేయదగిన పైలట్ పని ఒకటి ఇప్పుడు వచ్చింది. అది డ్రోన్ నడపడం. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల తరువాత ఇది చట్టబద్ధమైన వృత్తి అయింది. పదో తరగతి ప్యాసై, పద్దెనిమిదేళ్లు నిండినవారు అనుమతి పొందిన సంస్థలో కొద్ది రోజుల శిక్షణ తీసుకుంటే పదేళ్లు చెల్లే ధ్రువపత్రం ఇస్తారు. గుంటూరు లాం ఫారంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఈ శిక్షణ ఇచ్చే అనుమతి ఉంది. మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకాన్ని 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. అందులో డ్రోను, సరంజామా ఖరీదులో నూటికి 80 వంతులు, ఎనిమిది లక్షల రూపాయలకు మించకుండా సబ్సిడీ పెట్టారు.

దీనిలోనూ భ్రమ పనికిరాదు. ఎకరాకు 400 రూపాయలు, రోజుకు ఇరవై ఎకరాలు అనుకుంటే ఎనిమిది వేలు కనిపిస్తాయి. కాని డెల్టాలో సార్వా వరికి కొన్ని వారాలు, తరువాత మినుముకు కొన్ని వారాలు, అంతే పని. ఏడాదికి నూరు రోజులు దొరికితే గొప్ప. బ్యాటరీలు కొన్ని వందల సార్లు ఛార్జి చేసేసరికి అరిగిపోతాయి, వాటి ఖరీదు వేలల్లో ఉంటుంది. ఆ లెక్క వేసుకోకుండా డ్రోను కొన్నవాడు ట్రాక్టరు వాయిదాలు కట్టలేక అమ్ముకున్నవాడి వరసలోనే చేరతాడు.

అంతకన్నా ముఖ్యమైనది జాగ్రత్త. చేతి పంపుతో ఎకరాకు 150 నుంచి 200 లీటర్ల నీళ్లలో కలిపే మందును డ్రోనులో పది లీటర్లలోనే కలుపుతారు. అంటే పడే ప్రతి బొట్టూ పదిహేను, ఇరవై రెట్లు చిక్కన. అది గాలికి పక్క చేలో పడితే నష్టమే. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులో పడితే రైతు మునిగినట్టే. వరికి, అపరాలకు వాడే కొన్ని పురుగుమందులు రొయ్యకు ప్రాణాంతకం. ఒకరి చేను బాగుపడటానికి ఇంకొకరి చెరువు తెల్లబోవడం ఊరికి మంచిది కాదు. ఆకులు మాత్రమే కదిలే గాలిలో పని చేయవచ్చు. కొమ్మలు ఊగుతుంటే డ్రోను దించేయాలి. ఇక్కడ మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేస్తుంది కనుక పని పొద్దున్నే ముగించుకోవడం మేలు. మరీ తెల్లవారకుండా, గాలి బొత్తిగా స్తంభించి ఉన్నప్పుడు కూడా కొట్టరాదు. మందు తుంపర నేలకు దిగకుండా పొగలా వేలాడి, తరువాత ఎటో పోతుంది.

రోహిణి కార్తెలో బ్యాటరీయే ప్రమాదం. రేకుల షెడ్డులో, ఎండలో నిలిపిన ఆటోలో పెట్టిన బ్యాటరీ ఉబ్బుతుంది, నిప్పు అంటుకుంటుంది. దించిన వెంటనే ఛార్జింగు పెట్టక, నీడలో చల్లారనివ్వాలి. ఉబ్బినదాన్ని చవకగా వస్తోందని కొనడం కన్నా మూర్ఖత్వం లేదు. వేసవిలో మబ్బు కమ్మి ఉరుము వినపడిందంటే ఆ పూట పని ముగిసినట్టే.

చిత్త, స్వాతి కార్తెల నుంచి డిసెంబరు దాకా తుఫానుల కాలం. 1977 నవంబరు 19 రాత్రి ఈ తీరం చూసినది మరిచిపోయేది కాదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. వాయుగుండం వార్త రాగానే, వాన పడేలోపు మందు కొట్టించేయాలని రైతులు తొందర పెడతారు. ఆ తొందరకు పైలట్ లొంగకూడదు. ఈదర గాలిలో డ్రోను చేతికి చిక్కదు, మందు వానకు కొట్టుకుపోతుంది. సంక్రాంతి ముందు మంచు రోజుల్లో ఎదుటి గట్టు స్పష్టంగా కనిపించేదాకా ఆగాలి. చేల మీదుగా పోయే కరెంటు తీగలు మంచులో కనపడవు. కాబట్టి డ్రోను లేపకముందు ఒకసారి చేను చుట్టూ నడిచి, స్తంభాలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. ఈ ఒక్క పనికి బద్ధకించి పడగొట్టుకున్న డ్రోన్ల మరమ్మతు ఖర్చు ఆ సీజను సంపాదనను తినేస్తుంది.

పెళ్లి వీడియోలు తీసేవారికి కూడా ఒక మాట చెప్పాలి. సూర్యలంక తీరం అందంగానే ఉంటుంది, కాని పక్కన ఉన్నది వైమానిక దళ కేంద్రం. డిజిటల్ స్కై పటంలో ఎరుపు గుర్తు ఉన్నచోట కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా డ్రోను ఎగరేయడం నేరం. పచ్చ గుర్తు ఉన్నచోట కూడా 400 అడుగులు దాటరాదు. పెళ్లికొడుకు పోలీసుస్టేషనులో కూర్చోవడం ఎవరికీ ముచ్చట కాదు.

వ్యవసాయ శాఖ వారు చేయవలసినదీ ఉంది. ఏ పొలంలో, ఏ రోజు, ఏ మందు డ్రోనుతో కొట్టబోతున్నారో ముందురోజు సాయంత్రం ఊళ్లో టముకు వేయించాలి. రొయ్యల చెరువులవారు, తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నవారు సర్దుకోవడానికి ఒక రాత్రి చాలు. ప్రతి రైతు సేవా కేంద్రంలో ఊరి చెరువుల పటం ఒకటి గోడకు తగిలించి, మందు కొట్టే పైలట్ దాన్ని చూసి సంతకం పెట్టి వెళ్లే ఏర్పాటు చేయవచ్చు. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు, వచ్చే సార్వా నాట్లలోపే ఇది మొదలు పెట్టవచ్చు.