నగర చరిత్ర బజారులోనూ ఉంది

హైదరాబాద్ అనగానే 1591 నాటి చార్మినార్‌ను చూపిస్తాం. దాని చేరువలోని పత్తర్‌గట్టీ బజారును మాత్రం బేరాల హడావిడిలో దాటేస్తాం. 1908 మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఆ తర్వాత పత్తర్‌గట్టీలో రోడ్డు వెడల్పు చేయించి, రాతి కమానులతో దుకాణాల వరుస కట్టించింది. ఎండా వానా తగలకుండా జనం నడవడానికి వరండా, కింద వ్యాపారం, పైన నివాసం. దెబ్బతిన్న నగరం మళ్లీ ఎలా బతకాలనుకుందో ఈ కట్టడమే చెబుతుంది.

లాడ్ బజారు లక్క గాజులోనూ ఈ నగర చరిత్ర ఉంది. బొగ్గుల సెగకు లక్కను మెత్తబరచి, గాజుగా వంచి, మెరుపు రాళ్లను ఒక్కొక్కటిగా అద్దుతారు. 2024లో దీనికి భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు దక్కింది. ఇక ఇరానీ హోటల్ పాలరాతి బల్ల దగ్గర ముక్కూ మొహం తెలియనివారు కూడా పక్కపక్కనే కూర్చుని చాయ్ తాగుతారు. ఈ ఊరి మర్యాద అది.

ఈ వారసత్వాన్ని కాపాడేదెలా? 2019లో హైకోర్టు తీర్పుతో ఎర్రమంజిల్ ప్యాలెస్ కూల్చివేత తప్పింది. కానీ ప్రతి పాత దుకాణం కోసం ఎవరూ కోర్టుకెక్కలేరు. కమానులను కప్పేసిన ఫ్లెక్సీలను తీయించాలి. పాత హోటళ్ల మరమ్మతులకు సాయం చేయాలి. గాజుల కార్మికులకు అదే బజారులో పనిచోటు దక్కేలా చూడాలి. పనివారిని వెళ్లగొట్టి గోడలకు రంగులేస్తే అది వారసత్వ రక్షణ అనిపించుకోదు.