తూకం తెలిస్తేనే ధర దక్కేది

భద్రాచలం ఏజెన్సీలో చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి పల్లెల నుంచి ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయ మోసుకుని సంతకు వచ్చే గిరిజనుడు ముందుగా ధర అడుగుతాడు. తూకం సంగతి మాత్రం కాటా పట్టినవాడికే వదిలేస్తాడు. నష్టం జరిగేది అక్కడే. 20 కిలోల సరుకులో ఒక్క కిలో తగ్గినా నూటికి 5 వంతులు పోయినట్లే. పెంచిన ధర ఆ తరుగులోనే కొట్టుకుపోతుంది.

దళారుల బారి నుంచి గిరిజనులను కాపాడేందుకు 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. సేర్లు, వీశెల స్థానంలో కిలోలు తెచ్చిన చట్టమూ ఆ ఏడాదిదే. కొన్ని అటవీ ఫలసాయాలకు మద్దతు ధర పథకాన్ని కేంద్రం 2013-14లో ప్రవేశపెట్టింది. ఇవన్నీ మంచివే. కాని ధర కాగితం మీద ఉంటుంది, చేతికొచ్చే డబ్బు కాటా మీద తేలుతుంది.

త్రాసు వాడిన రోజుల్లో ముల్లు ఎటు వాలిందో చదువురానివారు సైతం కనిపెట్టేవారు. ఎలక్ట్రానిక్ కాటాలో అంకెలు వెలుగుతాయే గాని లోపలి సంగతి కనబడదు. నిజానికి అందులో మాయ ఏమీ లేదు. పళ్లెం కింద లోడ్‌సెల్ అనే లోహపు బద్ద ఉంటుంది. బరువు పడగానే అది కంటికి ఆననంత వంగుతుంది. దానికి అంటించిన సన్నని లోహపు రేకుల విద్యుత్ నిరోధం అందుకు తగ్గట్టు మారుతుంది. ఆ స్వల్ప మార్పును ఒక చిప్పు అంకెగా మారుస్తుంది. తెలిసిన బరువు పెట్టి ఆ అంకెను సరిచేయాలి. అక్కడ తేడా వస్తే ఎంత ఖరీదైన యంత్రమైనా తప్పే చెబుతుంది.

లోడ్‌సెల్, హెచ్ఎక్స్ 711 చిప్పు, ఆర్డునో బోర్డు ఉంటే హైస్కూలు పిల్లలే ఇలాంటి కాటా చేయగలరు. ఖాళీ సీసా పెట్టి సున్నా చేసి, అందులో లీటరు నీరు పోస్తే దాదాపు కిలో చూపాలి. ఇంతకన్న మంచి సైన్సు పాఠం ఏముంటుంది?

పిల్లల కాటాతో వ్యాపారమా అని కొందరు అడగవచ్చు. వ్యాపారానికి కాదు. 2009 నాటి తూనికల చట్టం ప్రకారం ముద్ర లేని కాటాతో క్రయవిక్రయాలు జరపరాదు. అయితే ఇంటి దగ్గర తూచుకుని అదే పూట సంతకు వచ్చినవాడు తేడా కనిపిస్తే నిలదీయగలడు, తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయగలడు.

అమ్మేవారు నాలుగు సంగతులు చూసుకోవాలి. ఖాళీ పళ్లెం సున్నా చూపాలి. కాటా చదునైన చోట ఉండాలి. సంచి నేలకు తగలకూడదు. అంకెలు అమ్మేవారికీ కనబడాలి. అధికారులు సంతరోజుల్లో తనిఖీలు జరిపి, ప్రతి సంతలో ముద్ర వేసిన తూకపు రాయి ఒకటి అందరికీ అందుబాటులో ఉంచాలి. ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలల్లో ఈ పాఠం చెప్పించాలి. తండ్రి మోసుకొచ్చిన గంప బరువును బిడ్డ చదివి చెప్పగలిగిన నాడు సంతలో మోసం చేయడం అంత సులువు కాదు.