శిశుసంరక్షణము: ఱొమ్ముమీది మచ్చ

ఒక సోదరీమణి మాకిట్లు వ్రాసినారు: "మా యమ్మాయి యేడవనెలలో పుట్టినది. రెండవనాడు ఊపిరాడక నీలివన్నె తిరుగగా వైద్యులు ఱొమ్మునకు గొట్టము వేసి బ్రదికించిరి. ఇప్పుడు దానికి 13 ఏండ్లు. చనుమొనచెంత మచ్చ కలదు. ఆ ప్రక్క స్తనము సరిగా నెదుగుట లేదు. నాడు తొందరపడి యొప్పుకొని తప్పుచేసితినా?"

తప్పు లేదని ఆ తల్లికి మా యుత్తరము. ఊపిరితిత్తులలోని సన్నని గాలితిత్తులు ముడుచుకొనిపోకుండ నిలుపు జిడ్డుపదార్థమొకటి కలదు. నెలలు నిండని శిశువునకు అది చాలదు. అట్టి బిడ్డకు గాలితిత్తి పగిలినచో, వెలికివచ్చిన గాలి ఱొమ్ములో చిక్కి, ఊపిరితిత్తి నణచి, గుండెను ప్రక్కకు నెట్టును. అప్పుడు నిమిషములే గడువు. సూదితోనో గొట్టముతోనో ఆ గాలిని వెడలింపక తప్పదు.

అయినను ఈ చికిత్స అపాయరహితము కాదు. శిశువు ప్రక్కటెముకల సందు మిక్కిలి యిఱుకు. ఎముక క్రిందియంచున రక్తనాళములుండుటచే వైద్యులు పైయంచును ఆనుకొని గ్రుచ్చెదరు. గుఱి తప్పినచో రక్తము కారును. మొన లోతునకు పోయినచో ఊపిరితిత్తికే గాయమగును. గొట్టము ఱొమ్ము నడిమివఱకు పోయి అచ్చటి నరము నొత్తినచో, శ్వాసకు మూలమైన కండరపుపొర చచ్చుపడవచ్చును. అందుచేతనే గొట్టము వేసినపిదప ఎక్స్‌రే తీసి చూతురు.

ఆడుబిడ్డలకు మఱొక చిక్కు. స్తనపు మొలక పుట్టుకనాటికే చనుమొనక్రింద నుండును. దానికి తగిలిన దెబ్బ యీడు వచ్చినపుడు గాని బయటపడదు. కావున గొట్టమును చనుమొనకు దూరముగా చంకవైపున వేయవలెను.

1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీగారి కుమారుడు పాట్రిక్ అయిదున్నర వారములు ముందుగా పుట్టి, ఊపిరితిత్తుల జబ్బుచే 39 గంటలలో మరణించెను. 1980లో జపాను వైద్యుడు ఫుజివారా ఆ జిడ్డుపదార్థమును శిశువుల ఊపిరితిత్తులలోనికి పంపి గుణము చూపెను. నాటినుండి గాలి చిక్కుట తగ్గినది. సూది యవసరము మాత్రము పూర్తిగా తీరలేదు.

ఇట్టి బిడ్డలు గల తల్లులారా! ఆసుపత్రి కాగితములను భద్రపఱచుడు. అమ్మాయికి యీడు వచ్చునపుడు వైద్యురాలికి చూపుడు. స్తనముల యెదుగుదల ముగిసినపిదప శస్త్రచికిత్సచే లోపమును చాలవఱకు సవరింపవచ్చును. అన్నిటికంటె ముందు ఆ మచ్చ కథను మీనోటనే ఆమెకు చెప్పుడు. తెలియనిచో ఆమె దానిని తన లోపమని సిగ్గుపడును. తెలిసినచో తన ప్రాణము దక్కిన గుర్తని యెఱుంగును.