క్యాబేజీ చారు: కూర ఎచ్చటిదైనను నీరు మనది

చలికాలము వచ్చినదంటే పెద్దదోర్నాల కూరగాయల అంగళ్లలో క్యాబేజీ గడ్డలు కనబడును. మార్కాపురమునుండి శ్రీశైలము పోవు బాట, ఆత్మకూరునుండి నల్లమల దాటి వచ్చు బాట ఇచ్చట కలియును గనుక సరకుకు కొదువ లేదు. ధర పడిపోయిన రోజున రెండు గడ్డలు సంచిలో వేసికొని ఇంటికి పోయెదము. వేపుడు చేయుదుము, పెసరపప్పుతో కలిపి వండుదుము, పచ్చడి నూరుదుము. చారు కాచుకొను ఇండ్లు మాత్రము తక్కువ.

ఇటీవల పట్టణములలో ఒళ్లు తగ్గుటకని అన్నము, పప్పు మాని, ఉత్త క్యాబేజీ నీళ్లు త్రాగు అలవాటు బయలుదేరినది. ఈ మాట పల్లెలకును ప్రాకినది. పొలములో పొద్దంతా వంగి పనిచేయు మనిషికి అది ఆహారము కాదు. క్యాబేజీలో నూటికి తొంబది పాళ్లకు పైగా నీరే. చారు మంచిదే; కాని దానిని మన నేలకు తగినట్లు కాచుకొనవలెను. అంతకంటె ముందు, ఏ నీటితో కాచుచున్నామో చూచుకొనవలెను. నేను చెప్పదలచినది ఇదియే.

ఈ చారు పుట్టినిల్లు చలిదేశములు. రష్యా రైతు దీనిని ష్చీ అనును. వేసవిలో పచ్చి క్యాబేజీతోను, మంచు కాలములో పులియబెట్టి నిలువచేసిన క్యాబేజీతోను కాచి, రై ధాన్యపు రొట్టెతో తినును. పోలండువారు పులిసిన క్యాబేజీతో కాచుదానిని కపుష్నియాక్ అందురు. ఉక్రెయిన్‌వారి బోర్ష్‌లో బీట్‌రూట్ ముఖ్యము, క్యాబేజీ దానికి తోడు. ఆ వంటకపు సంప్రదాయమును 2022లో యునెస్కో రక్షింపవలసిన వారసత్వముల పట్టికలో చేర్చినది. ఇటలీలోని టస్కనీ రైతులు నల్ల ఆకు క్యాబేజీని, చిక్కుడు గింజలను, ఎండిపోయిన రొట్టెను కలిపి మరల మరల కాచుదురు. పోర్చుగల్‌వారు గడ్డకట్టని జాతి ఆకును సన్నగా తరిగి బంగాళాదుంపల చారులో వేయుదురు. కొరియావారు సోయా ముద్దను కలుపుదురు.

ఇన్ని రకములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఒక సంగతి తెలియును. ఏ దేశమువారును ఉత్త క్యాబేజీనే నమ్ముకొనలేదు. బలమునకు గింజలో మాంసమో, కడుపు నిండుటకు రొట్టెయో దుంపయో, వారి నేల ఏది ఇచ్చిన దానిని జతచేసిరి. పులుపు కావలసిన చోట ఆకును పులియబెట్టిరి. మనకు పులుపునకు చింతపండు కలదు, బలమునకు కందులు, ఉలవలు కలవు, కడుపు నిండుటకు జొన్న సంగటి కలదు. కంది మన మెట్టపొలముల పంటయే గదా! ఉలవలు ఉడికించిన నీటిని పారబోయక చారు కాచుకొన్న పెద్దల తెలివి టస్కనీ రైతు తెలివికి తీసిపోదు.

కావున మన క్యాబేజీ చారు ఇట్లుండవచ్చును. రెండు పిడికిళ్ల కందిపప్పు మెత్తగా ఉడికించి, చింతపండు పులుసు, రెండు టమాటాలు, పసుపు, ఉప్పు వేసి మరుగనీయవలెను. సన్నగా తరిగిన క్యాబేజీని చివర వేసి, అయిదారు నిమిషములు మాత్రమే ఉంచి దింపవలెను. పైన ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిరప తాలింపు. కందిపప్పునకు బదులు ఉలవకట్టు వాడిన మరియొక రుచి. ఆకును ముందుగా తెగ ఉడికించి ఆ నీళ్లు వంచివేయరాదు. 100 గ్రాముల పచ్చి క్యాబేజీలో సి విటమిను 30 మిల్లీగ్రాములకు పైగా ఉండును. వేడికి కొంత నశించును, వంచిన నీటిలో మరికొంత పోవును. పప్పుధాన్యములలోని ఇనుము ఒంటబట్టుటకు ఈ విటమిను తోడ్పడును. కాబట్టి పప్పు, ఆకు కలిసిన చారు గర్భిణులకు, పిల్లలకు మేలు.

ఇక నీటి సంగతి. చారు అనగా సగమునకు పైగా నీరే. మార్కాపురము, కనిగిరి ప్రాంతములలో అనేక గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు ఉండవలసిన దానికంటె ఎక్కువగా ఉన్నది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండుట మంచిది. వేరు నీరు దొరకనప్పుడు సైతము 1.5 మిల్లీగ్రాములు మించరాదు. పండ్లపై గోధుమరంగు చారలు, వంగిన కాళ్లు, పట్టేసిన నడుము ఈ ప్రాంతమువారికి చెప్పవలసిన పని లేదు. త్రాగుటకు మంచినీరు కొని తెచ్చుకొని, వంటకు మాత్రము బోరునీరు పోయు ఇండ్లు ఉన్నవి. కాచిన దోషము పోవునని వారి నమ్మకము. ఇది పొరపాటు. కాచిన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై ఇగిరిన కొలది మిగిలిన దానిలో అది చిక్కబడును. గంటసేపు మరిగించు చారు విషయములో ఇది మరీ నిజము. త్రాగు నీటితోనే చారును కాచవలెను. శుద్ధిచేసిన నీరు కాని, శుభ్రముగా పట్టి నిలువచేసిన వాననీరు కాని వాడుకొనవలెను.

ఈ ప్రాంతపు రైతులు కొందరు ధర చూచి, సంక్రాంతి దాటిన పిదప ఎకరమున క్యాబేజీ నాటుదురు. ఎండ ముదిరిన గడ్డ గట్టిపడదు. వజ్రపు రెక్కల పురుగు ఆకును జల్లెడ చేయును. మందుల ఖర్చు పెరుగును. మార్చి నెలలో బోరు ఎండును. అప్పటికి బజారులో ధర కూడ పడిపోయిన రైతునకు మిగులునది అప్పే. మన మెట్టనేలలో క్యాబేజీ స్థానము పెరడు అని నా అభిప్రాయము. సెప్టెంబరులో నారుపోసి, నాలుగైదు వారముల మొక్కలను ఇటు అటు 45 సెంటీమీటర్ల ఎడముతో నాటవలెను. ఇరువది మొక్కలకు నాలుగు చదరపు మీటర్ల చోటు చాలును. అన్నియు ఒకేసారి నాటక, పది దినములకు అయిదేసి నాటిన గడ్డలు వరుసగా అందివచ్చును. గోల్డెన్ ఏకర్ వంటి రకము నాటిన రెండు నెలలకే కోతకు వచ్చును. బియ్యము, పప్పు కడిగిన నీరు దీనికి పోయవచ్చును, సబ్బునీరు పోయరాదు. చుట్టును ఆవాలు చల్లిన పురుగు వాటిపైకి పోవును. అవసరమైన 5 శాతము వేపగింజల కషాయము చల్లవలెను. ఇంట పండిన గడ్డకు పై ఆకుపచ్చ రేకులు పారవేయవద్దు. తెల్లని లోపలి రేకులకంటె వాటిలోనే ఎ విటమిను నిచ్చు పదార్థము ఎక్కువ. అంగడి గడ్డకు మాత్రము, మందు చల్లి ఉండవచ్చును గనుక, పై రేకులు తీసివేయుట మేలు.

మరియొక మాట. క్యాబేజీ చలికాలపు చుట్టము. మూడు నెలలుండి పోవును. మునగ, తోటకూర, గోంగూర, బచ్చలి ఇంటివారు. మునగాకులో సున్నపు ధాతువు, ఎ విటమిను క్యాబేజీకంటె అనేక రెట్లు ఎక్కువ. ఫ్లోరైడు బాధ ఉన్న చోట సున్నపు ధాతువు, సి విటమిను ఉన్న తిండి మరింత అవసరము. చుట్టమునకు పీట వేయుటకు ఇంటివారిని వెళ్లగొట్టుట న్యాయము కాదు. పెరటిలో ఒక మునగచెట్టు లేని ఇంట ఇరువది క్యాబేజీలున్నను లోటే.

గ్రామ ఉద్యాన సహాయకులకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు, పంచాయతీ పెద్దలకు ఒక మనవి. బడి వంటశాలలో ఏ కూర వండవలెనో నిర్ణయించుటకు ముందు, ఆ వంటశాల నీటిని ఈ నెలలోనే పరీక్ష చేయించుడు. ఫలితమును అందరికి కనబడునట్లు గోడపై వ్రాయించుడు. నారు పంచుట తరువాతి పని. మంచినీరు, పిడికెడు కందిపప్పు, పెరటి ఆకు ఉన్నచో ఏ దేశపు చారైనను మన పిల్లలకు ఒంటబట్టును.