నెపం ఉడుతది, బాధ్యత ఎవరిది?

2022 జూన్ 30 ఉదయం శ్రీ సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలం గుండంపల్లి నుంచి వ్యవసాయ కూలీలు ఆటోలో పనికి బయలుదేరారు. చిల్లకొండయ్యపల్లి దగ్గర హైటెన్షన్ తీగ తెగి ఆటో మీద పడింది. ఐదుగురు మహిళలు సజీవదహనమయ్యారు. స్తంభం మీదికి ఉడుత ఎక్కడం వల్ల షార్ట్ సర్క్యూట్ అయి తీగ తెగిందని విద్యుత్ అధికారులు చెప్పారు. నాలుగు నెలలు తిరిగేసరికి, నవంబర్ 2న, అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరులో పొలం నుంచి ట్రాక్టర్‌లో ఇంటికి బయలుదేరిన కూలీల మీద మరో తీగ పడింది. నలుగురు మహిళలు చనిపోయారు. కొందరు అధికారులను, సిబ్బందిని సస్పెండ్ చేశారు.

ఉడుత స్తంభం ఎక్కుతుంది. అది దాని నైజం. తీగకూ కింద ఉన్న ఇనుప క్రాస్ ఆర్మ్‌కూ ఒకేసారి తగిలితే షార్ట్ అవడమూ నిజమే. కానీ ఆ మాట దగ్గర ఆగిపోవడానికి వీల్లేదు. మన పల్లెల మీదుగా పోయే 11 కేవీ లైన్లలో అలాంటి ఫాల్ట్ వస్తే సబ్‌స్టేషన్‌లో రిలే దాన్ని పసిగట్టాలి, బ్రేకర్ రెప్పపాటులో ట్రిప్ కావాలి. తీగ గట్టిదైతే, జాయింట్లు సరిగా వేసి ఉంటే, ఆ కొద్ది క్షణాల వేడికి తెగదు. ఒకవేళ తెగినా నేలను తాకేసరికి అందులో కరెంటు ఉండకూడదు. ఈ ఏర్పాట్లన్నీ ఉన్నది ఉడుతలు, కొంగలు, ఈదురుగాలులు, కొమ్మలు ఉంటాయని తెలిసే. కాబట్టి ప్రమాదం జరిగిన ప్రతిచోటా మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే: బ్రేకర్ ఎందుకు పడలేదు? ఆ ఫీడర్ రిలేను ఆఖరుసారి ఎప్పుడు పరీక్షించారు, ఎవరు సంతకం పెట్టారు? దీనికి జవాబు చెప్పవలసింది లైన్‌మన్ కాదు. రిలేల పరీక్షకు, పాత కండక్టర్ మార్చడానికి డబ్బు మంజూరు చేసే వాళ్లు తిరుపతిలోని దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థ కార్యాలయంలో ఉంటారు. అసిస్టెంట్ ఇంజినీరునో లైన్ ఇన్‌స్పెక్టర్‌నో సస్పెండ్ చేసి ఫైలు మూస్తే తీగ కొత్తది కాదు.

విద్యుత్ ప్రమాదాల మీద నోటీసు ఇవ్వడం 2003 నాటి విద్యుత్ చట్టం 161వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. ప్రభుత్వం ఆదేశిస్తే విద్యుత్ తనిఖీ అధికారి విచారించి నివేదిక ఇస్తాడు. ఆ నివేదిక ఎవరి ప్రాణం పోయిందో వాళ్ల ఊరికి చేరాలి. ఘటన జరిగిన తొంభై రోజుల్లోపు తెలుగులో రాసిన ప్రతిని గ్రామ సచివాలయం గోడకు అతికించాలని ఈ పత్రిక డిమాండ్ చేస్తోంది. పరిహారం చెక్కు ఇవ్వడం ఒక్కటే బాధ్యత కాదు. తమ బిడ్డ ఎందుకు చనిపోయిందో తెలుసుకునే హక్కు ఆ కుటుంబానికి ఉంది.

ఇక స్తంభం ఎక్కేవాడి సంగతి. లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపారన్న అనుమతి, తీసుకున్నాకే ఎక్కాలి. సరఫరాను విడదీసే ఏబీ స్విచ్ తెరవాలి, తీగలో మిగిలిన కరెంటును నేలకు దింపే డిశ్చార్జ్ రాడ్ తగిలించాలి, పని చేసే చోటుకు రెండువైపులా ఎర్తింగ్ చేయాలి, చేతులకు గ్లౌజులు, నడుముకు బెల్టు, తలకు హెల్మెట్ ఉండాలి. ఇది పుస్తకం. జరిగేది వేరు. సాయంత్రం గాలివానకు ఫీడర్ పడిపోతుంది. నాలుగు ఊళ్ల నుంచి ఫోన్లు. ఒక ఊరికి లైన్ క్లియర్ తీసుకుంటే మరో ఊరి లైన్ దాని పక్కనుంచే పోతుంటుంది. ఎక్కడో ఒకచోట ఇన్వర్టరో జనరేటరో వెనక్కి కరెంటు తోస్తుంది. డిశ్చార్జ్ రాడ్ సెక్షన్ ఆఫీసులో ఉంటుంది, మనిషి పొలంలో ఉంటాడు. 2019లో గ్రామ సచివాలయాలతో పాటు ఎనర్జీ అసిస్టెంట్లుగా చేరిన కుర్రవాళ్లు, వాళ్ల కంటే ముందు నుంచీ కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవాళ్లు ఈ ఒత్తిడి మధ్యే స్తంభాలు ఎక్కుతున్నారు. సరఫరా ఎంత త్వరగా తిరిగొచ్చిందన్నదే పై అధికారి అడిగే లెక్క అయినప్పుడు, ఎర్తింగ్ చేయడానికి పట్టే పది నిమిషాలు తప్పుగా కనిపిస్తాయి. రాడ్ లేకుండా స్తంభం ఎక్కనని చెప్పే హక్కు కింది ఉద్యోగికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ హక్కు వాడుకున్నందుకు మెమో ఇచ్చిన అధికారి మీద చర్య ఉండాలి.

రైతు సంగతి ఇంకా అధ్వానం. అనంతపురం నేల బోర్ల మీద బతుకుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే హెల్పర్ వచ్చేదాకా ఆగే ఓపిక ఎండిపోతున్న చీనీ తోటకు ఉండదు. రైతే కట్టె పట్టుకుని ఏబీ స్విచ్ లాగుతాడు. మూడు బ్లేడ్లలో రెండు తెరుచుకుంటాయి, తుప్పు పట్టిన మూడోది అంటుకుపోయి ఉంటుంది. కింద నుంచి చూస్తే తెలియదు. దీన్ని రైతు అజాగ్రత్త అని రాసేసి చేతులు దులుపుకోవడం అన్యాయం. ఆ స్విచ్ సంస్థ ఆస్తి. దాని తుప్పు సంస్థ బాధ్యత.

ఇదంతా పాత కరెంటు కథ. ఇప్పుడు కొత్త కరెంటు వస్తోంది. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన కురిసే జిల్లాగా పేరుపడ్డ మన నేల మీద గాలీ ఎండా మాత్రం కొదవలేదు. 1990ల్లో రామగిరి కొండల మీద గాలిమరలు తిరగడం మొదలైంది. ఇప్పుడు ఉరవకొండ, బెళుగుప్ప, కళ్యాణదుర్గం వైపు ఎటు చూసినా అవే. నంబులపూలకుంటలో 1500 మెగావాట్ల సోలార్ పార్కు తలపెట్టారు. అందులో ఎన్టీపీసీ 250 మెగావాట్లు 2016లోనే గ్రిడ్‌కు చేరాయి. తాడిపత్రి దగ్గర తలారిచెరువులో మరొకటి. 2025 మేలో గుత్తి మండలం బేతాపల్లిలో 22 వేల కోట్ల రూపాయల పవన, సౌర, బ్యాటరీ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. 2024లో రాష్ట్రం ప్రకటించిన సమీకృత క్లీన్ ఎనర్జీ విధానం 10 లక్షల కోట్ల పెట్టుబడి, 7.5 లక్షల ఉద్యోగాలు లక్ష్యంగా పెట్టుకుంది.

ఈ ప్రాజెక్టులు రావాలి. అందులో మాకు సందేహం లేదు. బొగ్గు కాల్చి భూగోళాన్ని వేడెక్కిస్తే ముందుగా మాడిపోయేది కరువు సీమే. కానీ పొగ రాదు కాబట్టి పరిశీలన అక్కర్లేదన్న వాదనను ఒప్పుకోం. చట్టం సరిగ్గా ఆ వాదన మీదే నిలబడి ఉంది. 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో పవన, సౌర ప్రాజెక్టుల ఊసే లేదు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వీటిని తెల్ల జాబితాలో చేర్చింది. అంటే కాలుష్య మండలి అనుమతి అక్కర్లేదు, సమాచారం ఇస్తే చాలు. వెయ్యి ఎకరాలు కంచె వేసినా, కొండ చీల్చి రోడ్డు వేసినా ఊరిని పిలిచి ప్రజాభిప్రాయ సేకరణ చేయనవసరం లేదు.

దాని ఫలితం ఏమిటో గ్రామస్తులు పెంచుకున్న కల్పవల్లి అడవి చూసింది. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుగా చుట్టుపక్కల గ్రామాల వాళ్లు 1990ల తొలినాళ్ల నుంచి బోడి గుట్టలను కాపాడుకుంటూ వచ్చారు. నిప్పు పడకుండా కాపలా కాశారు, గొడ్డలి పడనివ్వలేదు. వేల ఎకరాల్లో గడ్డి లేచింది, వాగుల పొడవునా ఈతచెట్లు వచ్చాయి, కింది చెరువుల్లోకి నీళ్లు దిగాయి. గొర్రెలకు మేత దొరికింది, ఈతాకుతో చాపలు, బుట్టలు అల్లుకునే వాళ్లకు పని దొరికింది. రెవెన్యూ రికార్డులో మాత్రం అది బంజరే. ఆ ఒక్క మాట పట్టుకుని నల్లకొండ మీద గాలిమరలు నాటారు. ఒక్కో మరకు భారీ క్రేన్ ఎక్కాలి. క్రేన్ ఎక్కాలంటే కొండ కొనను చదును చేయాలి, ఏటవాలులో వెడల్పాటి రోడ్డు కోయాలి. తవ్విన మట్టి వాగుల్లోకి జారింది. నీటి దారులు తెగాయి, గడ్డి పోయింది. గ్రామస్తుల తరఫున 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లవలసి వచ్చింది. రోడ్డు ఎటు నుంచి వేస్తే వాగు బతుకుతుందో గొర్రెల కాపరిని అడిగినా చెప్పేవాడు. అడగమని చెప్పే చట్టం లేకపోయింది.

సోలార్ పార్కుది నీళ్ల సమస్య. దుమ్ము పడితే ప్యానెల్ కరెంటు తగ్గుతుంది, కాబట్టి కడగాలి. నంబులపూలకుంటలోని ఆ 250 మెగావాట్లకే సుమారు ఎనిమిది లక్షల ప్యానెళ్లు కావాలి. ప్యానెల్‌కు రెండు లీటర్ల చొప్పున లెక్కవేసినా ఒక్కసారి కడగడానికి 16 లక్షల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు వందలకు పైగా. వేసవిలో తాగునీటికి ట్యాంకర్ కోసం బిందెలు వరుస పెట్టే మండలాల్లో ఈ నీళ్లు ఏ బోరు నుంచి వస్తున్నాయో ఊరికి తెలియాలి. నీరు లేకుండా బ్రష్‌తో తుడిచే యంత్రాలు ఉన్నాయి, రాజస్థాన్ ఎడారిలో వాడుతున్నారు. అనంతపురంలో కొత్త పార్కులకు అవే తప్పనిసరి చేయాలి. నీరు, భూమి, చెట్ల కోసం తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం రైతు బోరుకు అనుమతి అడుగుతున్నప్పుడు కంపెనీ బోరుకు మీటరు బిగించి నెలనెలా లెక్క ప్రకటించమనడం పెద్ద కోరిక కాదు.

ఆ ప్యానెళ్ల మధ్య పనిచేసేవాళ్లను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఏప్రిల్, మే నెలల్లో గాజు పలకల వరుసల నడుమ పై నుంచి ఎండ, పక్క నుంచి పలకల వేడి. గడ్డి కోసేవాళ్లు, తుడిచేవాళ్లు చాలామంది ఒకప్పుడు అదే నేలలో వేరుశనగ పీకిన కూలీలు. కంపెనీ ఒకటి, నిర్మాణ సంస్థ మరొకటి, దాని కింద సబ్ కాంట్రాక్టర్, వాడి కింద మేస్త్రీ. వడదెబ్బకు మనిషి పడిపోతే మేస్త్రీ ఫోన్ స్విచ్ఛాఫ్ అవుతుంది. ఎండెక్కేలోగా పని ముగించడం, నీడ, నీళ్లు, పాముకాటు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లే బండి: ఇవి ఏ టెండర్‌లోనూ ఖర్చు పద్దుగా కనబడకపోతే ఏ సబ్ కాంట్రాక్టరూ తన జేబులోంచి పెట్టడు.

చట్టమన్నా వీళ్లను కాపాడుతుందా అంటే, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ రక్షణ మొదలయ్యే గీతను ఇంకా పైకి జరిపింది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో విద్యుత్తు వాడేచోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ. ఇప్పుడు 20 మంది కావాలి. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించాలంటే 50 మంది ఉండాలి. గాలిమర నిర్వహణకు వెళ్లే బృందంలో ముగ్గురో నలుగురో ఉంటారు. ఎనభై మీటర్ల పైన, గదంత పెట్టెలో, ఆయిలూ కరెంటూ కలిసి ఉన్నచోట వాళ్ల పని. నిప్పంటుకుంటే దిగడానికి తాడు, అది వాడటానికి శిక్షణ తప్ప దారి లేదు. పనిని ముక్కలు చేసి పదిమంది కాంట్రాక్టర్లకు పంచితే ఏ ముక్కా ఆ గీత దాటదు. అందుకే తలల లెక్క కాదు, పని ప్రమాదమే కొలత కావాలి. కాంట్రాక్టర్ ఎవడైనా, ప్రాణం పోతే ప్రధాన కంపెనీయే మొదటి ముద్దాయిగా నిలబడాలి. రాష్ట్ర ప్రభుత్వం భూమి లీజు ఒప్పందంలోనే ఆ షరతు రాయవచ్చు. దానికి ఢిల్లీ వైపు చూడనవసరం లేదు.

నిబంధనలు పెంచితే పెట్టుబడి పక్క రాష్ట్రానికి పోతుందని సచివాలయంలో అంటారు. కంపెనీలు ఇక్కడికి వస్తున్నది మన గాలి కోసం, మన ఎండ కోసం. వాటిని బెంగళూరుకో చెన్నైకో తరలించలేరు. నిబంధనలు సడలించిన చోట ఏం జరుగుతుందో మనకు కొత్త కాదు. 2018 జూలైలో తాడిపత్రి ఉక్కు కర్మాగారంలో విషవాయువు పీల్చి ఆరుగురు కార్మికులు చనిపోయారు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఓ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ లీకై మనుషులు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఫ్యాక్టరీ పర్యావరణ అనుమతి లేకుండానే నడిచిందని తర్వాత తేలింది.

బేతాపల్లి లాంటి చోట్ల బ్యాటరీలు రాబోతున్నాయి కనుక ఇంకో మాట ఇప్పుడే చెప్పాలి. లిథియం బ్యాటరీ గది అంటుకుంటే నీళ్లు కొట్టినంత మాత్రాన ఆరదు, చల్లారిందనుకున్నది మళ్లీ రాజుకుంటుంది, విషవాయువులు వస్తాయి. 2025 జనవరిలో కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్ నిల్వ కేంద్రం కాలినప్పుడు చుట్టుపక్కల వెయ్యిమందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు, హైవే మూసేశారు. అది అన్ని హంగులూ ఉన్న దేశం. ఇక్కడ దగ్గరి అగ్నిమాపక కేంద్రానికి దూరమెంత, అక్కడి సిబ్బందికి ఈ రకం మంట మీద శిక్షణ ఇచ్చారా, చల్లార్చడానికి నీళ్లు ఏ చెరువు నుంచి వస్తాయి, పొగ ఏ ఊరి వైపు పోతుంది? ఇవన్నీ కంటైనర్లు దిగాక వేసే ప్రశ్నలు కావు.

వంద మెగావాట్లు దాటిన ఏ పవన, సౌర, బ్యాటరీ ప్రాజెక్టుకైనా ప్రభావ అంచనా, గ్రామసభ విచారణ తప్పనిసరి చేయమని కేంద్రాన్ని రాష్ట్రం రాతపూర్వకంగా కోరాలి. అది వచ్చేదాకా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల కలెక్టర్లు తమ పరిధిలోని కంపెనీలన్నిటి నుంచీ కార్మికుల జాబితా, ప్రమాదాల రిజిస్టర్, నీటి వాడకం, అగ్నిప్రమాద ప్రణాళిక తెప్పించుకుని, ఆయా పంచాయతీల్లో ప్రదర్శించాలి. పంపిణీ సంస్థ తన వంతుగా, ఈ రెండు జిల్లాల్లో ప్రతి ఫీడర్ రిలేను పరీక్షించిన తేదీని వచ్చే వానాకాలం లోపు బయటపెట్టాలి.